తాడు మన చేతిలోనే ఉంది



మొన్న గృహ కూడికలో ఒక సహోదరుడు మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, రోళ్లపాడు బీళ్లలోకి కుక్కను వదిలితే తప్పేముంది? నోరులేని జీవం, కాసేపు పరుగెత్తి వస్తుంది." కొందరు నవ్వారు. మేము మాత్రం ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేకపోయాము.

నంద్యాల జిల్లాలోని రోళ్లపాడును బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదనే, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. కృష్ణజింక కూడా చిన్న పిల్లను గడ్డిలో దాచి మేతకు వెళ్తుంది. అటువంటి చోట కుక్క కరవనక్కరలేదు, తరిమితే చాలు, తల్లి బెదిరి గుడ్డును వదిలి లేచిపోతుంది. కుక్కకు అది ఆట. ఆ తల్లికి మాత్రం ఆ ఏటి సంతానమే పోవచ్చు.

ఇప్పుడు అక్కడ బట్టమేక కనబడడమే అరుదు. దానికి కుక్కలొక్కటే కారణం కాదు. బీళ్లు పొలాలయ్యాయి, పశువుల మేత పెరిగింది. అయినా మిగిలిన జీవాలకు మన వల్ల ఇంకో దెబ్బ ఎందుకు?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దేవుడు నేల మీది గూటిని కూడా మరువలేదు. పిల్లలతోపాటు తల్లిని పట్టుకోవద్దన్నాడు. నిర్గమకాండము 21లో, పొడుస్తుందని ముందే తెలిసినా ఎద్దును భద్రము చేయని యజమానినే బాధ్యుణ్ణి చేశాడు. ఎద్దుకు తెలియదు, యజమానికి తెలుసు. కుక్క విషయమూ అంతే కదా!

"తోడేళ్లున్నాయి అయ్యగారూ, కుక్క లేకపోతే మంద గతేమిటి?" అని మన కాపరులు అంటారు. నిజమే. కుక్కను మానుకోమని మేము చెప్పడం లేదు. అది మంద దగ్గరే ఉండాలి. అభయారణ్యం హద్దు దగ్గరికి వచ్చేసరికి మెడకు తాడు వేయండి. రాత్రిళ్లు ఇంటి దగ్గర కట్టి, కడుపునిండా పెట్టండి. ఏటేటా రేబిస్ టీకా వేయించండి. ఆ రోగం అడవి జీవాలకూ సోకుతుంది, మన పిల్లలకూ సోకుతుంది.

కుక్కను ప్రేమించడం మంచిదే. కాని దాని సంతోషానికి వెల ఇంకొక తల్లి చెల్లించకూడదు. ప్రభువు తన సృష్టిని మన చేతికి అప్పగించాడు. ఆ చేతిలో ఒక తాడు కూడా ఉండనిద్దాం.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.