గుర్రానికి పరీక్ష పందెం నాడేనా?

వికారాబాద్ : సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అయినా అమ్మేవాడు తెల్లవారుజామునే నొప్పి తెలియని సూది వేయించి తెస్తే ఆ పూటకు కుంటితనం బయటపడదు. ఇంటికి తోలుకొచ్చి నాగలి కట్టిన తరువాతే అసలు సంగతి తెలుస్తుంది. గుర్రపు పందాలలోనూ ఇదే మోసం పెద్ద ఎత్తున జరిగే వీలున్నది.

హైదరాబాదు మలక్‌పేటలో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1886లో పందాలు మొదలయ్యాయి. తాండూరు, వికారాబాద్ పల్లెల నుంచి పనికి, బేరానికి పట్నం పోయేవారిలో ఈ పందాల రుచి మరిగినవారు లేకపోలేదు. నాపరాళ్ళ గనిలో వారమంతా రాయి కొట్టిన కూలి ఒక్క పూటలో పోగొట్టుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. పందెం కాయకుండా ఉండటమే మేలని పెద్దలు చెప్పే మాట నిజమే. కాని కాసేవాడిని మోసగించే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

గుర్రపు పందెం అదృష్టపుటాట కాదని, నైపుణ్యంతో కూడినదని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. గుర్రం వంశం, వయసు, లోగడ పరుగెత్తిన తీరు చూసి పందెం కాస్తారన్నది అందులోని భావం. గుర్రం ఒంట్లో దొంగ మందు ఉంటే ఈ నైపుణ్యం ఎందుకు పనికివస్తుంది?

పందెం ముగిశాక గుర్రం మూత్రం, రక్తం తీసి పరీక్షకు పంపడం పాత పద్ధతి. చిక్కు ఇక్కడే ఉంది. కండలు పెంచే స్టెరాయిడ్లను పందానికి చాలా ముందే వాడి ఆపివేస్తారు. మందు జాడ పోయినా పెరిగిన కండ మిగులుతుంది. మూత్రపిండాల రోగులకిచ్చే ఇ.పి.ఓ. అనే మందు కూడా ఇంతే. కొద్ది రోజులలో అది ఒంట్లో కనిపించకుండా పోతుంది, దానివల్ల పెరిగిన ఎర్ర రక్తకణాలు మాత్రం వారాల తరబడి పనిచేస్తాయి. కనుక పందెం నాటి పరీక్షలో గుర్రం నిర్దోషిగా తేలవచ్చు.

ఇంగ్లండులో 2013 ఏప్రిల్‌లో అధికారులు న్యూమార్కెట్‌లోని గొడాల్ఫిన్ సంస్థ లాయానికే వెళ్ళి 45 గుర్రాల నమూనాలు తీశారు. వాటిలో 11 గుర్రాలకు స్టెరాయిడ్లు ఇచ్చినట్లు తేలింది. శిక్షకుడు మహమూద్ అల్ జరూనీపై 8 సంవత్సరాల నిషేధం పడింది. అమెరికాలో 2020 మార్చిలో 27 మందిపై కేసులు పెట్టినప్పుడు వారిని పట్టించినవి ముఖ్యంగా టెలిఫోను సంభాషణలే కావడం గమనార్హం.

లాయంలో పరీక్ష అంత సులువు కాదు. విశ్రాంతికని గుర్రాన్ని దూరపు తోటకు తరలిస్తే దాన్ని వెదికేదెవరు? హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై, ముంబయి అంటూ సీజను వెంట గుర్రాలు తిరుగుతుంటాయి. ఫలానా రోజు వస్తామని ముందే చెబితే, దొంగకు కబురంపి సోదాకు పోయినట్లే. జబ్బుపడ్డ గుర్రానికి న్యాయంగా వేసిన మందునూ, దొంగ మందునూ వేరు చేసి చూడాలి. కొత్త మందు వచ్చినప్పుడల్లా దాన్ని పట్టే పద్ధతి వెదకాలి. జూలు వెంట్రుకలలో కొన్ని మందుల జాడ నెలల తరబడి నిలుస్తుంది గనుక ఆ పరీక్ష ఉపకరిస్తుంది. ఖర్చయినా తప్పదు.

నోరులేని జీవి సంగతీ ఆలోచించాలి. నొప్పి తెలియనివ్వని మందుతో పరుగెత్తే గుర్రం దెబ్బతిన్న కాలిపైనే బరువంతా మోపుతుంది. కాలు విరిగితే తిరిగి బాగుపడటం అరుదు.

2025 సెప్టెంబరు నుంచి గుర్రపు పందాలపై జి.ఎస్.టి. 40 శాతానికి పెరిగింది. ఇంత పన్ను పుచ్చుకునే ప్రభుత్వానికి ఆట సక్రమంగా జరిగేలా చూసే బాధ్యత లేదా? ప్రతి గుర్రం ఎక్కడున్నదీ యజమాని తెలియజేయాలి. వేసిన ప్రతి మందూ పశువైద్యుడు రిజిస్టరులో రాయాలి. ముందుగా చెప్పకుండా లాయాలు తనిఖీ చేయాలి. పందాలు లేని రోజుల్లో ఎన్ని గుర్రాలను పరీక్షించారో, ఎన్ని దొరికాయో ఏటా పత్రికలలో ప్రకటించాలి. క్లబ్బుల పెద్దలు, ప్రభుత్వం ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించవలసి ఉన్నది.