పట్టాకు బంధువు

రైతు చేతికి ప్రభుత్వం రొక్కమివ్వటం తప్పని మనం అనటం లేదు. ఆ మాట షావుకారు అంటాడు. విత్తనం వేసే వేళకు అప్పుకోసం వడ్డీవ్యాపారి గడప తొక్కే అవసరం తగ్గితే మంచిదే. 2018 మే 10న హుజూరాబాదులో రైతుబంధు ప్రారంభమైనప్పుడు చిన్నరైతు సంతోషించాడంటే అందులో వింత లేదు. కాని పథకాన్ని తూచవలసింది పేరును బట్టి కాదు. డబ్బు ఎవరి యింటికి చేరిందో దాన్ని బట్టి.

మొదట ఎకరానికి పంటకు 4,000 రూపాయలు, తరువాత 5,000. విస్తీర్ణానికి పరిమితి లేదు. అంటే రెండు పంటలకు కలిపి ఎకరం రైతుకు ఏటా 10,000. యాభై ఎకరాల మెట్ట ఆసామికి 5 లక్షలు! కలిగినవాడికి కలిగినకొద్దీ ఇవ్వటాన్ని సహాయమంటారా? అది ఆస్తికి ప్రభుత్వం కట్టే వడ్డీ.

పట్టాదారుల్లో అత్యధికులు చిన్నరైతులే గదా అని కొందరి వాదన. నిజమే. పెద్ద ఆసాములు అంత తక్కువే అయితే, పరిమితి పెడితే నొచ్చుకునేది కొద్దిమందే. ఆ కొద్దిమందిని నొప్పించటానికి పాలకులు ఎందుకు జంకారు? ప్రశ్న అక్కడుంది.

ఇక దున్నేవాడి సంగతి. కౌలు చెల్లించి, అప్పు తెచ్చి, వానకూ చీడకూ తలవొగ్గి పంట తీసేది కౌలుదారు. పట్టా లేదు గనుక అతనికి రైతుబంధు లేదు. పెట్టుబడి సాయం పెట్టుబడి పెట్టనివాడికి ముట్టింది! అతను కన్నుమూస్తే 5 లక్షల రైతుబీమా కూడా ఆ కుటుంబానికి రాదు. అదీ పట్టాను చూసే ఇస్తారు. బ్రతుకులోనే కాదు, చావులో కూడా అతను రైతు కాడన్నమాట.

కౌలుదారు ఏటేటా మారుతాడు, గుర్తించటం సాధ్యం కాదని మరొక సాకు. 2011లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది. 2019లో ఆంధ్రప్రదేశ్ రైతుభరోసాను వెనుకబడిన, దళిత, గిరిజన, మైనారిటీ కౌలుదారులకు వర్తింపజేసింది. అక్కడా గుర్తింపుకు యజమాని సంతకం కావాలన్న మెలిక పెట్టారు. ఆ మెలికే కౌలుదారును యజమాని దయకు వదిలింది. కాబట్టి లోపం సాధ్యాసాధ్యాలలో లేదు, సంకల్పంలో ఉంది.

కేంద్రం దారీ వేరు కాదు. 2019లో ఇచ్చిన పి.ఎం. కిసాన్ కుటుంబానికి ఏటా 6,000, నెలకు 500! దానికీ ఆధారం భూమి కాగితమే. మొదట రెండు హెక్టార్ల పరిమితి ఉంటే, ఆ ఏడే దాన్నీ ఎత్తివేశారు.

2023 ఎన్నికలలో కౌలుదారుకు కూడా ఎకరాకు ఏటా 15,000 ఇస్తామన్నారు. 2025 జనవరి 26న మొదలైన రైతుభరోసా 12,000 దగ్గర, మళ్ళీ పట్టా దగ్గరే ఆగింది. సాగుకు పనికిరాని భూములను తీసివేయటం, భూమిలేని కూలికుటుంబాలకు ఏటా 12,000 ప్రకటించటం మంచి అడుగులే. మధ్యలో నలిగేవాడు మాత్రం అక్కడే ఉన్నాడు.

2007 జాతీయ రైతు విధానం రైతు అన్న మాటలో కౌలుదారునూ, వ్యవసాయ కూలీనీ చేర్చింది. కొత్త నిర్వచనం ఎవరూ కనిపెట్టనక్కరలేదు. సాయానికి విస్తీర్ణ పరిమితి పెట్టండి; యజమాని సంతకంతో పని లేకుండా గ్రామసభలో సాగుదారును గుర్తించండి; బీమాను సాగుకు ముడిపెట్టండి. అంతవరకు ఆ డబ్బు పట్టాకు బంధువే గాని రైతుకు కాదు.