పట్నం నీళ్ల లెక్కలో ఆయకట్టు ఏది?

నగరాల మంచినీటికి అప్పు తెచ్చినప్పుడు పైపులైన్లకు, పంపులకు, ఫిల్టర్ బెడ్లకు లెక్క కడతారు. దిగువ ఆయకట్టు రైతు నష్టం మాత్రం ఆ లెక్కలో కనిపించదు.

మన మంజీర సంగతే చూడండి. నిజాంసాగర్ 1931లో పూర్తయింది. తర్వాత దాని ఎగువన సుమారు 30 టీఎంసీల సింగూరు కట్టారు. హైదరాబాద్ మంచినీటికి ప్రపంచ బ్యాంకు 1990లో రుణమిచ్చింది. సింగూరు నీళ్లు పట్నం చేరాయి. వానలు మొహం చాటేసిన ఏడు నారు పోయాలా వద్దా అని నిజాంసాగర్ రైతు సింగూరు వైపు చూడాల్సిన గతి పట్టింది.

పట్నానికి నీళ్లు వద్దని మనం అనడం లేదు. అక్కడి బస్తీల్లో బిందెలతో నిలబడేవాళ్లలో మన పల్లెల నుంచి వలసపోయినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు కూడా నగరానికి వెళ్తున్నాయి. అందుకే అడుగుతున్నాం: కొత్త అప్పు చేసే ముందు పాత పైపుల లీకేజీలు అరికట్టండి. మురుగును శుద్ధి చేశాకే మూసీ కింది పొలాలకు వదలండి. కరువు ఏడాదిలో ఆయకట్టుకు ఎన్ని నీళ్లో, ఇవ్వలేకపోతే ఎకరాకు ఎంత పరిహారమో ఒప్పందంలోనే రాయండి.

అప్పు తీర్చేది అందరం. ఎండిన మడి మాత్రం రైతు ఒక్కడిదేనా?