ధాన్యం కుప్పలో చెయ్యి

రంజాన్ వస్తే మా ఇంట్లో రెండు రకాల ఖరీదీ నడుస్తుంది. అమ్మీ బజారుకెళ్లి, బట్టను వేళ్ల మధ్య నలిపి, వెలుతురులో పట్టి చూసి, నాలుగు దుకాణాలు తిరిగి గానీ కొనదు. ఇంజినీరింగ్ చదివిన తమ్ముడు తరావీహ్ నుంచి వచ్చి, మంచం మీద పడుకునే ఈద్ బట్టలు ఆర్డర్ పెట్టేస్తాడు. "అమ్మీ, జమానా మారింది" అని నవ్వుతాడు.

చదువుకున్నవాళ్లకు ఆన్‌లైన్ మీద భరోసా, చదువు లేనివాళ్లకు డర్ అంటారు. నిజమే. కానీ భరోసా వేరు, హోషియారీ వేరు.

తమ్ముడు పోయినేడు కిస్తీల మీద ఫోన్ తీసుకున్నాడు. వడ్డీ లేదని పెద్దక్షరాల్లో ఉంది. "సూద్ లేదు కదా, జాయెజే" అన్నాడు. ప్రాసెసింగ్ ఫీజు, కిస్తీ ఆలస్యమైతే పడే జుర్మానా చిన్నక్షరాల్లో ఉన్నాయి. ఆ పేజీ తెరవనే లేదు. అమ్మీ మాత్రం అడిగింది: "బేటా, ఒక నెల కట్టలేకపోతే ఏం చేస్తారు? పాడైతే వాపస్ ఎవరికివ్వాలి?" డిగ్రీ ఉన్నవాడి దగ్గర జవాబు లేదు.

రసూలుల్లాహ్ (స) బజారులో ఒక ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడి, లోపల తడి. ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని నిలదీశారు. చూడకుండా కొన్న సరుకును చూశాక వద్దనే హక్కు మన హనఫీ ఫిఖహ్‌లో ఉంది, ఖియారె రూయత్ అంటారు. అమ్మీ అడిగింది అలాంటి హక్కు గురించే. ఆమెకు ఆ పేరు తెలియదు, అంతే.

ఫోన్‌లో కుప్పలోకి చెయ్యి పోదు. అక్కడ చదవడమే చెయ్యి పెట్టడం. వాపస్ షరతులు, అమ్మేవాడి పేరు, అడ్రసు, ఒక్క స్టారు ఇచ్చినవాళ్ల మాటలు చదవాలి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు కంపెనీ 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. "రెండే మిగిలాయి, త్వరపడండి" అని అబద్ధంగా తొందరపెట్టడం, అడగనిది బుట్టలో కలపడం 2023 మార్గదర్శకాల ప్రకారం నిషేధం. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. డబ్బే మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అమ్మీ డర్‌లోనూ నుక్సాన్ ఉంది. మా మొహల్లాలో ఎంతోమంది ఖాలాలు ఏదైనా తెప్పించుకోవాలంటే పక్కింటి పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చేస్తారు, ఓటీపీ కూడా చెప్పేస్తారు. సరుకు బాగోలేకపోతే నసీబ్ అనుకుని సబర్ చేస్తారు. హక్కు ఉందని తెలియక ఊరుకోవడం సబర్ కాదు. ఆ సంగతి వాళ్లకు చెప్పకపోవడం చదువుకున్న మన తప్పు.

ఇల్మ్ అమానత్ అని జుమా బయాన్‌లో వింటూనే ఉంటాం. ఈ ఈద్‌కు ఆర్డర్ పెట్టే ముందు ఫోన్ పట్టుకుని అమ్మీ పక్కన కూర్చోండి. షరతులు మీరు తెలుగులో చదివి వినిపించండి, సవాళ్లు ఆమెను అడగనివ్వండి. ఆమె సవాల్‌కు జవాబు దొరికాకే బటన్ నొక్కండి.