మోచేతి లెక్క

ఈమధ్య టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అన్నయ్య కూతురింట్లో కొన్నాళ్లున్నాను. వాళ్లబ్బాయికి 12 ఏళ్లు. బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. ఆ వీధిలో తెలుగు పిల్లలంతా స్పెల్లింగ్ పోటీలనీ, క్రికెట్ అనీ తిరుగుతుంటే వీడికి ఈ పిచ్చి ఎలా పట్టుకుందో తెలీదు. బంతి విసరడం చూద్దామని సాయంత్రం ప్రాక్టీసుకి వెంట వెళితే, కోచ్ వాడి చేతికి తువ్వాలిచ్చాడు.

చిన్న చేతి తువ్వాలు. ఒక కొస వేళ్ల మధ్య పట్టుకుని, బంతి వేసేటప్పుడు ఎలాగో అలాగే కాలెత్తి, అడుగేసి, ఎదురుగా మోకాలి మీద కూర్చున్న కోచ్ గ్లవ్ మీద రెండో కొసతో ఛెళ్లున కొట్టాలి. రేవులో బట్టలుతుకుతున్నట్టుంది. మూడుసార్లు తువ్వాలు గాలిలోనే పోయింది. కోచ్ గ్లవ్ ముందుకు జరపలేదు, మాట కూడా అనలేదు. నాలుగోసారి వాడే అడుగు మరో జానెడు సాగదీశాడు. తగిలింది.

ఈ తువ్వాలు పాఠానికి పేరు తెచ్చినాయన టామ్ హౌస్. 1974లో బ్యాటర్ హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టినప్పుడు మైదానం అంచున ఆ బంతిని పట్టుకున్నది ఈయనే. తర్వాత కోచ్ అయ్యాడు. పిచ్చర్ నోలన్ రయాన్ 44వ ఏట, 1991లో, ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఏడోసారి మ్యాచ్ ముగించినప్పుడు రయాన్ జట్టు పిచింగ్ కోచ్ ఈయనే. 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి జావెలిన్ విసిరే ఇద్దరు కుర్రాళ్లు, రింకూ సింగ్ (మన క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్, ఒక టీవీ పోటీలో నెగ్గి వెళ్లింది కూడా ఈయన దగ్గరికే. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని వాళ్లిద్దరితో అదే ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం చేసుకుంది.

చెయ్యి బలంగా ఉంటే బంతి వేగంగా పోతుందనే నేనూ అనుకునేవాణ్ణి. కాదట. ముందు కాలు నేలకి ఆనాలి, తుంటి తిరగాలి, రెప్పపాటు ఆగి ఛాతీ తిరగాలి, ఆ తర్వాతే భుజం, మోచెయ్యి, మణికట్టు. చెర్నాకోల పిడి దగ్గర పుట్టిన ఊపు కొస దాకా పాకినట్టన్నమాట. ఛాతీ తొందరపడి తుంటితోపాటే తిరిగిందా, నడుము ఇవ్వాల్సిన బలం మోచేతి నెత్తిన పడుతుంది. మన ఫాస్ట్ బౌలర్లకి నడుము పోతుంది, వీళ్లకి మోచెయ్యి.

మోచేతి లోపలివైపు లిగమెంట్ ఒకటుంటుంది. 1974లోనే టామీ జాన్ అనే పిచ్చర్‌కి అది తెగింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ రెండో చేతిలోంచి నరంలాంటి స్నాయువు తీసి అక్కడ అమర్చాడు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక పాలన్నారు. జాన్ మాత్రం 1976లో తిరిగొచ్చి, 1989 దాకా ఆడి, మరో 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ ధైర్యమే ఇప్పుడు ముప్పయింది. తెగితే అతికించుకోవచ్చులే అనుకునే తల్లిదండ్రులు తయారయ్యారు.

మా అల్లుడి చేతిలో స్పీడ్ గన్ ఉంది. ప్రతి బంతికీ అందులోకి చూస్తాడు. "58 మైళ్లు మావయ్యా, అవతలి జట్టులో ఒకడు 64 వేస్తున్నాడు," అన్నాడు దిగులుగా. పిల్లల పక్కన ఆ యంత్రం ఉండకూడదంటాను నేను. అంకె కనిపిస్తే పిల్లాడు అంకె కోసమే విసురుతాడు. పిచ్చర్ శాండీ కౌఫాక్స్‌కి మెరుపులాంటి వేగం ఉండి కూడా మొదటి 6 సీజన్లలో 36 గెలుపులు, 40 ఓటములు. 1961 వసంతంలో క్యాచర్ నార్మ్ షెర్రీ అతనికి చెప్పింది ఒక్కటే: అంత బలం పెట్టకు. ఆ ఏడాది 18 గెలిచాడు, తర్వాత అతన్ని కొట్టినవాళ్లు తక్కువ. అయితే 1965, 66లలో ఏటా 300కు పైగా ఇన్నింగ్స్ వేశాడు. 30 ఏళ్లకే మోచేతి నొప్పితో ఆట మానేశాడు. బలం తగ్గించుకున్నాడు గానీ, బంతుల లెక్క తగ్గలేదు.

ఇప్పుడు లెక్కలున్నాయి. పిల్లలు ఆడే లిటిల్ లీగ్‌లో 12 ఏళ్ల పిల్లాడు రోజుకి 85 బంతులు దాటకూడదు. 66 వేస్తే 4 రోజులు విశ్రాంతి, 65తో ఆగితే 3 రోజులు చాలు. నియమం మంచిదే. కానీ శనివారం ఒక జట్టుకీ, ఆదివారం ఇంకో జట్టుకీ వేసే పిల్లాడి మొత్తం కూడేదెవరు? మోచెయ్యి మాత్రం ఒక్కటే ఖాతా రాసుకుంటుంది.

శనివారం మ్యాచ్‌లో మావాడు బాగా వేస్తున్నాడు. కోచ్ చేతిలో బంతులు లెక్కపెట్టే చిన్న మీట ఉంది, బొటనవేలితో టక్ టక్ నొక్కుతున్నాడు. 65 కాగానే నడుచుకుంటూ వెళ్లి బంతి అడిగాడు. అప్పటికి మావాడి జట్టే ముందుంది. మా అల్లుడు లేచి నిలబడ్డాడు, "ఇంకా 20 ఉన్నాయి కదా!" అని. కోచ్ ఇటు తిరగలేదు. పిల్లాడు ముఖం ముడుచుకుని వచ్చి నా పక్కన కూలబడ్డాడు. వాళ్లమ్మ మంచినీళ్లిచ్చింది. గటగటా తాగి, కుడి చెయ్యి ఒకసారి చాపి ముడిచి, వాళ్ల నాన్నవైపు తిరిగి, "లాస్ట్‌ది ఎంతొచ్చింది?" అన్నాడు.