వణికిన చెయ్యి

1957 జనవరి 14న హాలీవుడ్ నటుడు హంఫ్రీ బోగార్ట్ కాన్సర్‌తో కన్నుమూశాడు. అదే ఏడాది, అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరంలో ఉన్న బ్రాటిల్ అనే చిన్న థియేటర్‌లో అతని పదిహేనేళ్ళ పాత సినిమా ‘కాసాబ్లాంకా’ మళ్ళీ పడింది. చూసిన విద్యార్థులే మళ్ళీ వచ్చారు, వస్తూ తోటివాళ్ళను వెంటబెట్టుకొచ్చారు. పోను పోను తెర మీద పాత్ర నోరు విప్పేలోపే హాల్లోంచి ఆ మాట వినపడటం మొదలైంది. పరీక్షల రోజుల్లో బోగార్ట్ సినిమాలు వరసపెట్టి వేయటం ఆ థియేటర్‌కు ఆనవాయితీ అయింది. అలా అతను పోయాక, తనకు కొడుకులు కాదగ్గ వయసువాళ్ళకు ఆరాధ్యుడయ్యాడు. ఇలాంటి సంబరాలంటే పండితులకు సాధారణంగా చిన్నచూపు. మా అభిప్రాయం వేరు. ఒక నటుడి సినిమాల్లో మేలైనవి ఏరుకుని, వాటినే మళ్ళీ మళ్ళీ చూసే అభిమాని విమర్శకుడి పనే చేస్తున్నాడు. అయితే కరకు వేషాలతో పేరు తెచ్చుకున్న నటుడి విషయంలో ఆ ఏరివేతకు ఒక గీటురాయి ఉంది. కరకుదనం గెలిచిన సినిమాలతోనే అభిమాని ఆగిపోతున్నాడా, అది బీటలు వారిన సినిమాలకు కూడా చోటిస్తున్నాడా?

పాత సినిమాకు మళ్ళీ వెళ్ళటం తెలుగువాళ్ళకు బోధపడని సంగతేం కాదు. పద్యనాటకాల రోజుల్లో ‘వన్స్‌మోర్’ అని అరిచిన ప్రేక్షకుడికి రాయబారం ఏమవుతుందో తెలియక కాదు. పద్యం కంఠతా వచ్చినవాడే ముందు వరసలో కూర్చునేవాడు. ఈ రాత్రి ఈ నటుడు రాగం ఎక్కడ ఎత్తుకుంటాడో, ఎక్కడ నిలుపుతాడో పట్టుకోవటానికి వచ్చేవాడు. కథ మీద కుతూహలం తీరిపోయాక చూపు నటన మీద నిలుస్తుంది. హీరో కృష్ణ పోయాక వచ్చిన తొలి పుట్టినరోజున, 2023 మే 31న, 1971 నాటి కౌబాయ్ చిత్రం ‘మోసగాళ్ళకు మోసగాడు’ మళ్ళీ విడుదలైంది. ఆయన నటించిన మూడు వందలకు పైగా సినిమాల్లోంచి దాన్నే ఎంచుకోవటం ఒక తీర్పు. 2010లో ఆడని ‘ఆరెంజ్’కు 2023లో హాళ్ళు నింపటం మరో తీర్పు, కింది కోర్టు తీర్పును కొట్టేసిన అప్పీలు తీర్పు. బ్రాటిల్‌లో కూర్చున్న కుర్రాళ్ళు చేసిందీ ఇదే.

వాళ్ళు ఎవరిని ఎంచుకున్నారో చూడాలి. బోగార్ట్ 1899లో న్యూయార్క్‌లో ఒక డాక్టరు ఇంట పుట్టాడు. తల్లి పేరున్న చిత్రకారిణి. రంగస్థలం మీద మొదట్లో వేసినవి పెద్దింటి కుర్రాడి వేషాలు. 1935లో ‘ది పెట్రిఫైడ్ ఫారెస్ట్’ నాటకంలో హంతకుడు డ్యూక్ మాంటీగా కనిపించాక దశ తిరిగింది. దాన్ని సినిమాగా తీసేటప్పుడు ఆ పాత్ర బోగార్టే వేయాలని సహనటుడు లెస్లీ హోవార్డ్ పట్టుబట్టాడు. తర్వాత వార్నర్ బ్రదర్స్ సంస్థ అతనికి వరసగా ముఠాకోరు వేషాలిచ్చింది. 1938లో ‘ఏంజెల్స్ విత్ డర్టీ ఫేసెస్’లో, మరుసటి ఏడు ‘ది రోరింగ్ ట్వంటీస్’లో జేమ్స్ కాగ్నీ పాత్ర చేతిలో తుపాకి దెబ్బ తిని చచ్చే వేషాలే. అంటే మొదట్లో కరకుదనం అతనికి స్టూడియో తొడిగిన యూనిఫాం. దర్జీ కొలతలు తీసి కుట్టిన చొక్కా లాంటిది, ఒంట్లోంచి వచ్చింది కాదు. అయినా ఆ రోజుల్లోనే 1937 నాటి ‘డెడ్ ఎండ్’లో ఒక ఘట్టముంది. పేరుమోసిన నేరగాడు తల్లిని చూడాలని పాత పేటకు వస్తాడు. ఆమె చెంప ఛెళ్ళుమనిపిస్తుంది. ఆ క్షణంలో అతని ముఖంలో కనిపించేది కోపం కాదు, దిక్కులేనితనం. తర్వాతి ఇరవై ఏళ్ళ నటనకు విత్తనం అక్కడుంది.

ఆ విత్తనం 1941లో మొలకెత్తింది. ‘హై సియెర్రా’లో జైలు నుంచి వచ్చిన దొంగ రాయ్ ఎర్ల్, కాలు వంకర ఉన్న అమ్మాయికి ఆపరేషన్ చేయించి, ఆమె తనను కాదంటే మారుమాట్లాడలేకపోతాడు. అదే ఏడు వచ్చిన ‘ది మాల్టీస్ ఫాల్కన్’లో డిటెక్టివ్ శామ్ స్పేడ్ శత్రువు గదిలో గాజుగ్లాసు విసిరికొట్టి, గట్టిగా అరిచి బయటికొస్తాడు. నడవాలోకి వచ్చాక చూస్తే అతని చెయ్యి వణుకుతోంది. ఆ వణుకును అతనే చూసుకుని నవ్వుకుంటాడు. అంతసేపూ చూపించిన కోపం నటన అనీ, నటనేనని తనకు తెలుసుననీ, అయినా ఒళ్ళు మాత్రం అబద్ధం చెప్పలేదనీ మూడు సంగతులు ఆ ఒక్క చూపులో తెలుస్తాయి. మొండివాడు రాజుకంటే బలవంతుడని మన సామెత. ఆ మొండితనానికి ఎంత ఖర్చవుతుందో సామెత చెప్పదు, ఈ చెయ్యి చెబుతుంది.

‘కాసాబ్లాంకా’ను అభిమానులు తలకెత్తుకోవటానికి కారణం వీరత్వమే అనుకుంటే పొరపాటు. ఇందులో బోగార్ట్ పాత్ర రిక్ రాత్రి మూసేసిన తన హోటల్లో ఒంటరిగా తాగుతూ బల్ల మీద తల వాల్చేస్తాడు. కథానాయకుడిని అంత నలిగిన స్థితిలో చూపించాకే చివర్లో అతను చేసే త్యాగానికి విలువ వచ్చింది. నాజీ అధికారుల పాటకు పోటీగా ఫ్రాన్స్ జాతీయగీతం వాయించమని ప్రతిఘటన నాయకుడు విక్టర్ లాజ్లో అడిగినప్పుడు వాద్యబృందం యజమాని వైపు చూస్తుంది. రిక్ తల చిన్నగా ఆడిస్తాడు, అంతే. ఎవరి పక్షమూ వహించనన్న మనిషి పక్షం తీసుకున్నది ఆ తలపంకింపులోనే. అందరూ ఈ సినిమాలోదనుకునే ‘మళ్ళీ వాయించు శామ్’ అన్న మాట నిజానికి ఇందులో ఎవరూ అనరు. జనం తలుచుకునే బోగార్ట్ కూడా కొంత ఆ మాట లాంటివాడే. మూలంలో ఉన్నవాడు వాళ్ళ జ్ఞాపకంలో ఉన్నవాడికంటే తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ బాధపడతాడు.

అసలు పరీక్ష తర్వాత వచ్చిన మూడు సినిమాలతో వస్తుంది. 1948లో ‘ది ట్రెజర్ ఆఫ్ ది సియెర్రా మాడ్రే’లో అతను టాంపికో వీధుల్లో తెల్లసూటు పెద్దమనిషి ముందు చెయ్యి చాచే బిచ్చగాడు. బంగారం దొరికాక తోడువాళ్ళనే అనుమానించి, పిచ్చెక్కి, చివరికి బందిపోట్ల చేతిలో దిక్కులేని చావు చస్తాడు. అతను ప్రాణం పెట్టి తవ్విన బంగారపు రజను గాలికి కొట్టుకుపోతుంది. 1950లో ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’లో సినిమా రచయితగా హత్యారోపణ మోస్తాడు. ఆ హత్య అతను చేయలేదు. కానీ చేయగలిగినవాడేనని, ప్రేమించిన స్త్రీ గొంతు మీద అతని చేతులు పడ్డప్పుడు ఆమెకూ మనకూ తెలిసిపోతుంది. నిర్దోషి అని ఫోన్ వచ్చేసరికి ఆలస్యమైపోయింది. 1954లో ‘ది కెయిన్ మ్యూటినీ’లో కోర్టు ముందు నిలబడ్డ కెప్టెన్ క్వీగ్ అరచేతిలో రెండు ఉక్కుగుండ్లు తిప్పుతూ తిప్పుతూ తనంత తానే కూలిపోతాడు. స్పేడ్ దాచుకున్న వణుకు ఇక్కడ అందరి ముందూ బయటపడింది.

ఈ వాదనకు మొదటి ఆక్షేపణ, ఘనతంతా నటుడికి కట్టబెట్టటం న్యాయమా అన్నది. స్పేడ్‌ను సృష్టించింది డాషియల్ హామెట్, తెరకు రాసి తీసింది జాన్ హ్యూస్టన్. ‘హై సియెర్రా’, ‘మాల్టీస్ ఫాల్కన్’ రెండూ మొదట నటుడు జార్జ్ రాఫ్ట్ వద్దన్న వేషాలు. ఇదంతా నిజమే. అయితే హామెట్ నవల 1931లో ఒకసారి, 1936లో పేర్లు మార్చి మరోసారి సినిమాగా వచ్చింది. ఆ రెంటినీ ఇవాళ చరిత్రకారులు తప్ప ఎవరూ తలవరు. మూడోదానిలో హ్యూస్టన్ వాటా పెద్దదే, కాదనం. కానీ ఆ దర్శకుడు పక్కన లేని ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’లోనూ ఆ నలుగుడు ఉంది. పైగా ఆ సినిమా తీసింది బోగార్ట్ సొంత సంస్థ. తన పేరుకు మచ్చ తెచ్చే పాత్రకు తనే పెట్టుబడి పెట్టిన నటుణ్ణి రచయితల చేతిలో బొమ్మ అనలేం.

రెండో ఆక్షేపణ ఇంకా పదునైనది. తుపాకి, సిగరెట్టు, ఆడవాళ్ళతో దురుసు మాట. ఇలాంటి మగటిమిని పండగ చేసుకోవటమేమిటని. పోస్టరు వరకే చూస్తే ఆ ఆరోపణ నిలుస్తుంది. ఆ సిగరెట్టు ఎక్కడికి తీసుకెళ్ళిందో అతని మరణమే చెబుతుంది. కానీ పోస్టరును అనుకరించటంలోని వెలితిని అతన్ని ప్రేమించినవాళ్ళే ముందు కనిపెట్టారు. 1960లో ఫ్రెంచి దర్శకుడు గొదార్ తీసిన ‘బ్రెత్‌లెస్’లో చిల్లరదొంగ బోగార్ట్ పోస్టరు ముందు ఆగి, పెదాల మీద బొటనవేలు రాసుకుంటాడు. ఆ అనుకరణ అతన్ని ఏ ఆపద నుంచీ కాపాడదు. వుడీ ఆలెన్ 1969 నాటకంలో పిరికి కథానాయకుడు ఊహల్లో బోగార్ట్ సలహాలు వింటూ, చివరికి తనలా తను ఉంటే చాలని గ్రహిస్తాడు. ఆడవాళ్ళ మీద చెయ్యెత్తే కోపం ఎక్కడికి దారి తీస్తుందో ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’ చెప్పినంత నిక్కచ్చిగా ఏ ఉపన్యాసమూ చెప్పదు. అందుకే ఆ సినిమా పండగలో ఉండాలి. నటుడి బతుకు కూడా అంతే. 1947లో హాలీవుడ్ మీద కమ్యూనిస్టు ముద్ర వేసే విచారణలను నిరసిస్తూ వాషింగ్టన్ వెళ్ళినవాడు, ఒత్తిడికి లొంగి మరుసటి ఏడు పత్రికలో వెనకడుగు వ్యాసం రాశాడు. అది దాచిపెట్టే అభిమానం మనిషిని వదిలి పోస్టరును పట్టుకుంటుంది.

అభిమానులు ‘కాసాబ్లాంకా’నే చూస్తారు తప్ప క్వీగ్ కోసం టిక్కెట్టు కొంటారా అని ఎవరైనా అడగవచ్చు. కొంత ఒప్పుకోవాలి. జనం మొదట ప్రేమించేది వానకోటు వేసుకున్న రిక్‌నే. అయినా చూపు అక్కడే ఆగిపోలేదు. ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’కు విడుదలనాటి కంటే ఈనాడు పేరెక్కువ, 2007లో అది అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారపు జాబితాకెక్కింది. పదేపదే చూసినవాళ్ళు ఉండబట్టే అది సాధ్యమైంది. మన దగ్గర పాత సినిమాలు మళ్ళీ వేస్తున్నవాళ్ళు ఆలోచించాల్సింది కూడా ఇదే. హీరో వందమందిని కొట్టిన సినిమాకు పాలాభిషేకాలు ఎలాగూ జరుగుతాయి. అతను ఓడిన, తప్పు చేసిన, సిగ్గుపడిన సినిమాను కూడా అదే హాల్లో వేస్తే అభిమానం పెద్దదవుతుంది.

బోగార్ట్‌కు వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ 1951 నాటి ‘ది ఆఫ్రికన్ క్వీన్’కు. అందులో అతను తుపాకివీరుడు కాదు. జిన్ను తాగే, గడ్డం మాసిన పడవవాడు. పడవ రెల్లులో చిక్కుకుంటే నీళ్ళలో దిగి తాడుతో లాగుతాడు. పైకొచ్చేసరికి ఒళ్ళంతా జలగలు. అసహ్యంతో, భయంతో గడగడ వణుకుతాడు. స్పేడ్‌లా దాచుకోడు, నవ్వుకోడు. కానీ పడవ ఇంకా కదలాలి. జలగలు ఉన్నాయని తెలిసీ మళ్ళీ ఆ నీళ్ళలోకే దిగుతాడు. ఆ అడుగు చూసి ఎవరైనా ఈల వేస్తే, ఆ ఈలతో మాకు పేచీ లేదు.