హెర్పిస్: తప్పుచోట కాపలా

హెర్పిస్ చెడు తిరుగుళ్ళకు దక్కిన శిక్ష అనీ, అది సోకినవారి చేయి తగిలినా, వారు వాడిన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నా అంటుకుంటుందనీ చదువుకున్నవారిలో సైతం పాతుకుపోయిన అభిప్రాయానికి వైరస్ నడవడిలో ఆధారం లేదు.

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లోని రెండు రకాలలో మొదటిది ప్రధానంగా నోటి చుట్టూ, రెండవది జననాంగాల వద్ద పొక్కులు పుట్టిస్తాయి. ముఖరతి వల్ల మొదటిది జననాంగాలకూ చేరగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం 50 ఏళ్ళలోపు వారిలో సుమారు 380 కోట్ల మందికి, అంటే 64 శాతానికి, మొదటి రకం సోకి ఉంది. వారిలో అధికులకు అది పసితనంలోనే, పెద్దల ముద్దుల ద్వారానో లాలాజలం ద్వారానో సంక్రమించింది. జ్వరం వచ్చి మూతి పేలిందని తెలుగు ఇళ్ళలో నెయ్యి రాసి ఊరుకునేది చాలామట్టుకు ఇదే. అదే వైరస్ పేరు ల్యాబ్ రిపోర్టులో కనిపించగానే శీలపరీక్షకు దిగడం ఏ తర్కమో తెలియదు. గర్భిణులకు టార్చ్ పరీక్షల్లో, అంటే కడుపులోని బిడ్డకు హాని చేయగల ఇన్ఫెక్షన్ల కోసం జరిపే పరీక్షల్లో, భాగంగా చేసే హెర్పిస్ ఐజీఎం, అంటే తొలిదశ ప్రతిరక్షకాల పరీక్ష, సోకింది ఏ రకమో, కొత్తగానో పాతగానో నమ్మకంగా తేల్చలేదు. అయినా ఆ ఒక్క ‘పాజిటివ్’ ఆధారంగా భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకుంటారు.

వైరస్‌ను కప్పి ఉండే కొవ్వుపొర సబ్బుకు చెదిరిపోతుంది, శరీరం వెలుపల అది ఎక్కువసేపు నిలవదు. పైగా కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌తో ఏర్పడిన చర్మపు పైపొర, గాయం లేనంతవరకు, దానిని లోనికి రానివ్వదు. పెదవులు, జననాంగాల వంటి చోట్ల ఉండే పలుచని తడి పొరలు ఒరుసుకున్నప్పుడో, గీరుకుపోయిన చర్మం వైరస్ ఉన్న చోటికి తగిలినప్పుడో మాత్రమే దానికి దారి దొరుకుతుంది. కుస్తీ పట్టేవారికి ఒంటిమీద, తొడుగులు లేకుండా రోగుల నోట వేళ్ళు పెట్టిన దంతవైద్యులకు వేలిమీద వచ్చిన పొక్కులు ఈ సూత్రాన్నే బలపరుస్తాయి. కరచాలనం, దుస్తుల మీది కౌగిలి, మరుగుదొడ్డి సీటు ఈ లెక్కలోకే రావు.

అలాగని కంటికి పుండు కనబడకపోతే భయం లేదనే ధీమా కూడా నిలవదు. పొక్కు మానాక వైరస్ నరాల మొదళ్ళలోని కణగుచ్ఛాల్లో దాగి, అప్పుడప్పుడు ఏ లక్షణమూ లేకుండానే పైకి వచ్చి స్రవిస్తుంది. రెండవ రకం వ్యాప్తిలో అధికభాగం ఇలాంటి రోజుల్లోనే జరుగుతుంది. కండోమ్, వైరస్‌ను అణచే రోజువారీ వాలాసైక్లోవిర్ మాత్ర ఈ ముప్పును తగ్గిస్తాయే గాని తుడిచిపెట్టలేవు.

నిజమైన కాపలా అవసరమైన చోట మాత్రం ఎవరూ ఉండరు. పుట్టిన మొదటి నాలుగు వారాల్లో హెర్పిస్ సోకితే అది మెదడుకు, కాలేయానికి పాకి ప్రాణం తీయగలదు. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో జరిగే బారసాల సరిగ్గా ఆ గడువులోనే పడుతుంది. హెర్పిస్ ఉందని తెలిసిన మనిషి గ్లాసును వేరుగా పెట్టే ఇంట్లోనే, పేలిన మూతితో వచ్చిన పెద్దమ్మ ఉయ్యాలలోని బిడ్డను ముద్దాడుతుంటే వారించడం మర్యాద కాదనుకుంటారు. ఎంతటి దగ్గరివారైనా సరే, పొక్కు పూర్తిగా మానేదాకా వారిని ఆ ఉయ్యాల దగ్గర ఆపవలసిందే.